చిన్నమామ తెచ్చిన మర్యాద

చిన్నమామ పోయాడని పొద్దున్నే కబురొచ్చింది. పొయ్యి మీది పాలు దించి, పక్కింటావిడకు తాళంచెవి ఇచ్చి, నిజామాబాద్ కంఠేశ్వర్ నుంచి బోధన్ బస్సెక్కాను. బస్సులో నా పక్క సీటామె మా పక్క ఊరిదే. నేనెవరో తెలియక, "జపాన్ పోయొచ్చినాయన సచ్చిపోయిండట గదా" అంది. ఊళ్లో దిగాక కూడా అదే మాట. పాడె కట్టేవాళ్లు, పూలు తెచ్చినవాళ్లు, అరుగు మీద బీడీ కాల్చుకుంటున్న ముసలివాళ్లు, అందరి నోటా ఒకటే. జపాన్ పోయిండు, ఇమానం ఎక్కిండు.

నాకు చిరాకేసింది. విమానం ఎక్కడం ఏం గొప్ప? టికెట్టు కొనిస్తే మేక కూడా ఎక్కుతుంది. ఆయన అక్కడ్నుంచి ఏం తెచ్చాడో, తెచ్చిన దాంతో ఇక్కడ ఎన్ని తిప్పలు పడ్డాడో చెప్పేవాళ్లు ఒక్కరూ కనబడలేదు. చూసినవాళ్లలో మిగిలింది నేనే కాబట్టి నేనే చెప్పాలి.

ఆయన మా మామగారికి స్వయానా తమ్ముడు. నేను నిజామాబాద్ నుంచి ఆ ఇంటికి కోడలిగా వెళ్లేసరికి అన్నదమ్ములిద్దరూ వేరుపడి ఉన్నారు. నడుమ గోడ లేపి ఇంటి జాగాను రెండు చేసుకున్నారు. ఇద్దరూ పుట్టి పెరిగిన పాత ఇల్లు చిన్నమామకు వచ్చింది. మా మామ పక్కనే కొత్తగా రెండు గదులు వేసుకున్నాడు. పంపకాలు సజావుగానే జరిగాయి కానీ బావి దగ్గర చెడింది. చెరుకు ఎండలకు వాడిపోతున్న రోజుల్లో నీళ్ల వంతు నీదా నాదా అని మాటా మాటా పెరిగి, చివరికి మాటలే లేకుండా పోయాయి. మా మామ కోపం వస్తే అరిచే మనిషి కాదు. నోరు మూసుకునే మనిషి. అరిచేవాళ్లతో వేగవచ్చు, ఇలాంటివాళ్లతో దేవుడు కూడా వేగలేడు.

సరిగ్గా నేను కాపురానికి వచ్చిన రోజుల్లోనే చిన్నమామ జపాన్ నుంచి తిరిగి వచ్చాడు. వరి సాగు నేర్చుకు రమ్మని సర్కారు వాళ్లు కొందరు రైతులను పంపితే, అందులో ఈయన ఉన్నాడు. ఒక పంటకాలమంతా అక్కడి రైతు ఇంట్లో ఉండి, వాళ్లతో పాటు పొలంలో దిగి పని చేశాడు. అక్కడి పెద్ద పట్నాలు చూశావా అని అడిగితే, బస్సు కిటికీలోంచి చూశానని చెప్పేవాడు. ఆయన జపాన్ అంటే ఒక ఊరు, ఒక ఇల్లు, ఆ ఇంట్లో ఒక ముసలమ్మ. అంతే.

వచ్చిన కొత్తలో ఊరంతా ఆయన వాకిట్లో కూర్చుంది. నేను గోడ ఇవతల నుంచి విన్నాను.

"ఏం తెచ్చినవే? రేడియో తెచ్చినవా, గడియారం తెచ్చినవా?"

"కలుపు దీసే మిషిని తెచ్చిన. సాళ్ల నడుమ నూకాలె."

"గంతేనా? ఇంకేం జూసినవ్?"

"ఆడ ఇండ్లకు కాయితం తలుపులుంటయి."

జనం నవ్వారు. ఎవరో, "మరి దొంగలు రారా?" అని అడిగారు.

"కాయితం తలుపు చింపుకొని దొంగతనం జేస్తానికి దొంగకైన సిగ్గుండదా?" అన్నాడు చిన్నమామ. తలుపు గట్టిగా ఉండటం వల్ల దొంగకు పౌరుషం వస్తుందని ఆయన నమ్మకం. ఆయన ఇంటికి మాత్రం టేకు తలుపే ఉండేది.

మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. మోకాళ్ల దాకా ధోవతి, భుజం మీద తువ్వాల. జపాన్ పోకముందు ఎలా ఉండేవాడో నాకు తెలియదు కానీ, వచ్చాక ఎవరు ఎదురైనా నడుము దగ్గర వంగేవాడు. పట్వారీ వచ్చినా వంగేవాడు, పశువులు కాసే ముసలాయన వచ్చినా అంతే లోతుకు వంగేవాడు. మొదట్లో జనం నడుం నొప్పేమో అనుకుని వావిలాకు కట్టు కట్టుకొమ్మన్నారు. తర్వాత అలవాటు పడ్డారు. కొందరు తిరిగి వంగడం కూడా మొదలుపెట్టారు.

అన్నం ముందు కూర్చుంటే రెండు చేతులూ జోడించి ఒక జపాన్ మాట అనేవాడు. మాకెవరికీ నోరు తిరిగేది కాదు. ఒకసారి నేను ఏదో పచ్చడి ఇవ్వడానికి వెళ్లినప్పుడు చిన్నత్త, అంటే ఆయన భార్య, నా ముందే నిలదీసింది.

"రోజు మొక్కుతవ్. ఎవరికి మొక్కుతున్నవ్?"

"నాటేసినోళ్లకు. కోసినోళ్లకు. వండినామెకు."

"వండినామె ఈడనే నిలవడ్డది గదా. గదేందో తెలుగుల జెప్పు."

చిన్నమామకు చెవుల దాకా సిగ్గు ముంచుకొచ్చింది. పరాయి భాషలో అంత సులువుగా వచ్చే మాట ఇంటి భాషలో గొంతులో అడ్డం పడింది. చివరికి పళ్లెం వైపు చూస్తూ, "నీ చేతి కూడు తింటున్న" అన్నాడు మెల్లగా. చిన్నత్త నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు, గబగబా లోపలికి పోయి ఉన్న నెయ్యి అంతా తెచ్చి ఆయన పళ్లెంలో వేసింది.

మాది చెరుకు దేశం. చలికాలం వచ్చిందంటే ఊరంతా పాకం వాసన. ఫ్యాక్టరీ కూత వింటూ లేవడం, బండ్ల వరస చూస్తూ పడుకోవడం. చెరుకు నరకడానికి మహారాష్ట్ర నుంచి కూలీలు పిల్లాజెల్లాతో వచ్చి పొలాల్లోనే గుడిసెలు వేసుకునేవాళ్లు. పొద్దుగూకి కత్తులు దించే వేళకు చిన్నమామ గట్టు మీద నిలబడి, వాళ్లందరి వైపు తిరిగి వంగి, "మస్తు అలసిపోయిన్రు" అని, మళ్లీ వచ్చీ రాని మరాఠీలో అదే చెప్పేవాడు. జపాన్‌లో పని ముగిశాక ఒకరికొకరు ఇలాగే చెప్పుకుంటారట. యజమాని కూలివాడికి, కూలివాడు యజమానికి, అత్త కోడలికి. ఈ చివరిది విని నేను మా అత్త వైపు చూశాను. ఆమె గోడ వైపు చూసింది.

తోటి రైతులకు ఇది నచ్చలేదు. ఒకాయన మొహం మీదే అడిగాడు.

"కూలోళ్లకు వంగుడేందే? రేపు మా నెత్తి మీదెక్కి కూసుంటరు."

"వాళ్లు పొద్దంత నా చెరుకు కోసం వంగిన్రు. నేను ఒక్కపారి వంగితె ఏం పోతది?"

పోవడం సంగతి అటుంచి, ఆయనకే కలిసొచ్చింది. చెరుకులో తీపంతా మొదలు దగ్గరే ఉంటుంది. కూలీలు తొందరలో జానెడు మోడు వదిలి పైకి నరికేస్తే రైతుకు నష్టం. చిన్నమామ చెరుకును మాత్రం వాళ్లు నేలకు మట్టంగా నరికేవాళ్లు. ఆయన దాని కోసం వంగలేదని నాకు తెలుసు. తెలిసినా ఎవరికీ చెప్పలేదు. చెప్తే, ఆహా అందుకా అని రేపట్నుంచి ఊరంతా వంగుతుంది.

ఆయన అన్నిటికంటే ఎక్కువసార్లు చెప్పిన కథ స్నానం కథ. ఆ ఇంట్లో కట్టెల మంట పెట్టి పెద్ద తొట్టెలో నీళ్లు కాగబెడతారు. మురికి బయటే కడుక్కుని, తర్వాత తొట్టెలో దిగి కూర్చోవాలి. ఒకరి తర్వాత ఒకరు ఇంటిల్లిపాదీ అవే నీళ్లు. చుట్టానికి ముందు వంతు. ఈయన చుట్టం కాబట్టి మొదటిరోజు ఈయన్నే దింపారు. ఈయన హాయిగా కూర్చుని, లేచి, తాను మునిగిన నీళ్లు ఇంకొకరికి ఎలా మిగులుస్తానని, మర్యాదగా తొట్టె బిరడా పీకేసి నీళ్లన్నీ వదిలేశాడు.

"మరి వాళ్లేమన్నరు?" అని అడిగేవాళ్లు జనం, ఎన్నోసారి విన్నా.

"ఏమనలే. ముసలవ్వ పోయి మళ్ల నీళ్లు తోడింది, మళ్ల మంట వెట్టింది. తెల్లారి నేను మళ్ల గట్లనే జేసిన. మళ్ల ఏమనలే. నాకు తెలిసేసరికి బగ్గ కట్టెలు కాలినయి."

ఇది చెప్పేటప్పుడు ఆయన కళ్లు ప్రతిసారీ తడిసేవి. "ఒక్క మాట అనలే" అని మళ్లీ మళ్లీ అనేవాడు. నోటికి ఏదొస్తే అది అనే మా ఊళ్లో, ఒక్క మాట అనని ఇల్లు ఆయనకు స్వర్గంలా కనిపించి ఉంటుంది. నాకూ అలాగే కనిపించేది. కొత్త కోడలిని, రోజుకు ఎన్ని మాటలు పడేదాన్నో నాకే తెలుసు. ఆయన చెప్తుంటే గోడ ఇవతల చేతిలో పని ఆపి వినేదాన్ని. ఆయనంటే నాకు అంత ఇష్టం కలగడానికి సగం కారణం ఆ ముసలవ్వే.

ఇక చెప్పుల సంగతి. ఆ దేశంలో చుట్టం లోపల కూర్చున్నప్పుడు, గడప దగ్గర వదిలిన చెప్పులను ఇంటివాళ్లు వీధి వైపు తిప్పి పెడతారట, పోయేటప్పుడు సులువుగా తొడుక్కోవడానికి. చిన్నమామ ఇంటికి ఎవరు పోయినా అంతే. మాటల మధ్యలో లేచి వెళ్లి, వాళ్ల చెప్పులు చేత్తో తిప్పి వచ్చేవాడు. మొదట్లో గొడవలయ్యాయి. మా దగ్గర చెప్పులు వీధి వైపు తిప్పితే ఇక లేచి పొమ్మని అర్థం. ఒకరిద్దరు అలిగి పోయారు కూడా. ఆయన వెంటపడి, బతిమాలి, వివరించి, మళ్లీ తెచ్చి కూర్చోబెట్టాడు. కొన్నాళ్లకు ఊరంతటికీ తెలిసిపోయి, "జపానాయన ఇంటికి పోతె చెప్పులు వాటంతటవే తిరుగుతయి" అని నవ్వుకునేవాళ్లు.

ఇన్ని మర్యాదలు తెలిసిన మనిషికి ఒకే ఒక్క కోరిక ఉండేది. అన్న ఒక్కసారి ఆ పాత ఇంట్లో కూర్చుని అన్నం తినాలి. పైకి చెప్పేవాడు కాదు. కానీ మా మామ వీధిలో పోతుంటే ఈయన వాకిట్లో వంగి నిలబడేవాడు. మామ అటు చూడకుండా పోయేవాడు. ఆయన మలుపు తిరిగేదాకా ఈయన అలాగే నిలబడేవాడు. చూడలేక నేను లోపలికి వచ్చేసేదాన్ని.

పెత్రమాస దగ్గరికి వచ్చింది. పోయిన పెద్దల పేరు మీద అన్నం పెట్టే అమావాస్య అది. వేరుపడ్డప్పటి నుంచి అన్నదమ్ములు వాళ్ల తండ్రికి ఎవరింట్లో వాళ్లు పెట్టుకుంటున్నారు. ఆ ఏడు చిన్నమామ గోడ దగ్గరికి వచ్చి నన్ను పిలిచాడు.

"బిడ్డా, అన్ననడుగు. బాపు ఈ ఇంట్లనే పానం ఇడిసిండు. ఒక్కతాన పెడ్తమా అని అడుగు."

నేను మా అత్తకు చెప్పాను, ఆమె మామకు చెప్పింది. మామ ఏమీ అనలేదు. పండగనాడు పొద్దున ఉతికిన ధోవతి కట్టుకుని, ఎవరితోనూ చెప్పకుండా బయటికి నడిచాడు. ఆయన కాళ్లు పాత ఇంటి వైపు తిరగడం చూసి మా అత్త పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకుంది. మేమిద్దరం వెనకాలే వెళ్లాం.

చిన్నమామ గడపలో నిలబడి ఎంత లోతుకు వంగాడంటే నుదురు మోకాళ్లకు తగులుతుందేమో అనిపించింది. మామ చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చాడు. తండ్రి పటం ముందు ఇద్దరూ పక్కపక్కన కూర్చుని అన్నీ చేశారు. మాటలు లేవు, కానీ నీళ్ల చెంబు ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి పోయింది. మోదుగు విస్తర్లు వేసి చిన్నత్త వడ్డించింది. చిన్నమామ కాసేపు కనబడలేదు, మళ్లీ వచ్చి నిలబడ్డాడు. తినే ముందు కాకికి ముద్ద పెట్టాలి. పెద్దకొడుకు కాబట్టి మామ ముద్ద తీసుకుని బయటికి వెళ్లాడు.

గడప దగ్గర ఆగిపోయాడు. ఆయన చెప్పులు వీధి వైపు తిరిగి ఉన్నాయి. అంతే కాదు, వాటికంటిన నల్లరేగడి మట్టంతా తుడిచి, నీళ్లతో అద్ది, మెరిసేలా పెట్టి ఉన్నాయి. చిన్నమామ భుజం మీది తువ్వాలకు ఆ మట్టి కనబడుతూనే ఉంది.

మామ ముద్దను గోడ మీద పెట్టాడు. చెప్పులు తొడుక్కున్నాడు. మా ఇంటికి నడిచిపోయాడు. చిన్నమామ "అన్నా, అన్నా" అంటూ వీధి దాకా పోయి ఆగిపోయాడు. లోపల విస్తట్లో అన్నం అలాగే ఉంది. చిన్నత్త మొగుడి మీద విరుచుకుపడింది.

"ఇయ్యాల గూడ తిప్పాల్నా? సొంత అన్నకు గూడ తిప్పాల్నా? నీ జపాన్ పాడుగాను."

ఆయన ఒక్క మాట అనలేదు.

ఇంటికి వచ్చి మా అత్త మామకు నచ్చజెప్పబోయింది. "పొమ్మని తిప్పలేదయ్యా. గది వాడు అందరికి జేసేదే. ఊరందరికి ఎర్కే."

మంచం మీద కూర్చున్న మామ చాలాసేపటికి నోరు విప్పాడు. "నాకెర్క లేదా? పొమ్మన్నడని ఎన్కకు రాలే నేను. అందరికి జేసేదె నాకు జేసిండు, గందుకొచ్చిన. నేను ఆ ఇంట్ల పుట్టిన. ఆ గడప మీద పాకిన. నా చెప్పులు ఎట్ల ఇడిస్తె గట్ల పడి ఉండాలె ఆ ఇంట్ల. మర్యాద సుట్టాలకు జేస్తరు." ఇంత పొడుగు మాట ఆయన నోట నేను అదే మొదటిసారి విన్నాను. మళ్లీ అటు తిరిగి పడుకున్నాడు.

సాయంత్రం గోడ అవతల నుంచి చిన్నమామ పిలిచాడు. "ఏమన్నడు బిడ్డా?" నేను దాచలేదు. మామ అన్నది అన్నట్టే చెప్పాను. ఆయన బట్టలుతికే బండ మీద కూలబడ్డాడు. అన్న ఇక జన్మలో ఆ గడప తొక్కడేమోనన్న భయం నాకు ఆ మొహంలో కనిపించింది. ఏదైనా ఓదార్పు మాట చెప్దామని వెతుకుతుంటే ఆయనే మొదలుపెట్టాడు.

"ఆ స్నానం ముచ్చట ఎవ్వరికి పూరా చెప్పలే నేను. ఎప్పటికి నాకే ముందు వంతు ఉండె గదా. కోతల యాళ్లకు ఒకనాడు ముసలవ్వ నన్ను ఆపింది. నువ్వు ఆగు, పెద్దోడు దిగినంక నువ్వు దిగు అన్నది. ఆ తర్వాత రోజు గట్లనే. నాకు మస్తు బాధైంది బిడ్డా. ఏం తప్పు జేసిన్నో, నా ఇజ్జత్ ఎందుకు తగ్గిందో అనుకుంట ఆ ఇంట్లకెల్లి వచ్చిన. ఇన్నేండ్లు గది ముల్లు లెక్క ఉండె."

"సుట్టాన్నైతె ముందు దింపుతరు" అన్నాడు. "పెద్దకొడుకు ఎన్క దింపిందంటె నన్ను రెండో కొడుకును జేసుకున్నది ముసలామె. నేను సమజ్ చేసుకోలే. ఆడ నాకు తెల్వలే, ఈడ అన్నకు నేను గట్ల చెయ్యలే."

నాకు ఏడుపొచ్చింది. ఆయన ఏడవలేదు. నన్నే అడిగాడు.

"మర్యాద ఎక్కువైందా బిడ్డా?"

"ఎక్కువైంది చిన్నమామా" అన్నాను.

తర్వాత కొన్ని రోజులు ఆయన గోడ దగ్గరికి రాలేదు. మామ వీధిలో పోతుంటే వాకిట్లో నిలబడటం కూడా మానేశాడు. ఇక అంతే, తెగిపోయింది అనుకున్నాం. మా అత్త దేవుళ్లందరికీ మొక్కి, చివరికి ఆ జపాన్ ముసలమ్మకు కూడా మొక్కి ఉంటుంది.

ఒకరోజు మధ్యాహ్నం. మామ ముందు గదిలో అన్నం తింటున్నాడు. నేనూ అత్తా వంటింట్లో ఉన్నాం. వీధి తలుపు ధడాలున తెరుచుకుంది. పిలుపు లేదు, దగ్గు లేదు. పొలం నుంచి తిన్నగా వచ్చిన చిన్నమామ, మట్టికాళ్లతోనే, తింటున్న అన్నను దాటుకుని వంటింట్లోకి వచ్చి, గోడకు వీపు ఆనించి నేల మీద కూర్చున్నాడు. వంగలేదు. చేతులు జోడించలేదు.

"వదినె, ఆకలైతుంది. అన్నం పెట్టు."

మా అత్త పళ్లెం పెట్టి వడ్డించింది. ఆయన ఏ మాటా అనకుండా పెద్ద ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు.

"పప్పుల ఉప్పేది? ఇండ్ల ఉప్పు గూడ కరువైందా?" అన్నాడు గట్టిగా, ముందు గదికి వినబడేలా.

జిల్లాలోనే అంత మర్యాదస్తుడు లేడు. ఆ మాట అనడానికి ఆయన ఎంత కష్టపడ్డాడో ఆయన మెడ మీది నరాలు చెప్తున్నాయి. ముందు గదిలో మామ తినడం ఆపేశాడు. పళ్లెం చప్పుడు లేదు. ఇంత చేసి అన్న లేచి వెళ్లిపోతే ఇక ఈయన దగ్గర చెయ్యడానికి ఏమీ మిగలదు.

"వానికి మామిడి తొక్కెయ్యి" అంది మామ గొంతు. "చిన్నప్పటి సంది వానికి తొక్కు లేంది ముద్ద దిగదు."

అత్త పచ్చడి జాడీ కోసం లేచింది. చిన్నమామ తల ఎత్తలేదు. "అడిగేదాంక ఎయ్యరు ఈ ఇంట్ల" అన్నాడు.

"మరి అడగనీకి ఇన్నేండ్లు వట్టిందా నీకు?" అన్నాడు మామ.

చిన్నమామ నోట్లో ముద్ద అలాగే పెట్టుకుని ఏడ్చాడు. మామ తన పళ్లెం చేత పట్టుకుని వంటింట్లోకి వచ్చి, ఆయన పక్కన కూర్చుని, మిగిలిన అన్నం తినడం మొదలుపెట్టాడు.